టీ జల్లెడ కింద ఫెర్న్

"ఆ చెయ్యి అక్కడే ఆపండి! కదిలిందంటే అరుస్తాను!"

నిజానికి అప్పటికే అరుస్తోంది.

సిల్వియో చేతిలో తాపీ గాల్లో ఆగిపోయింది. సమాధుల తోటలో, అందులోనూ పొద్దున్నే మంచులో, మనిషి కనబడకుండా ఆడగొంతు వినిపిస్తే ఎంతటి మగాడికైనా గుండె గుభేలుమంటుంది. పైగా ఆ గొంతు పక్క సమాధి కిందనుంచి వచ్చినట్టుంది. అతను గబగబా శిలువ గుర్తు వేసుకున్నాడు.

సమాధి వెనకనుంచి ఒక అమ్మాయి లేచింది. ఇంతసేపూ అక్కడ బోర్లా పడుకుని ఉందన్నమాట. మోకాళ్ళ దాకా బురద, తడిసి నుదుటికి అతుక్కున్న ఉంగరాల జుట్టు, మెడలో తాడుకి వేలాడుతున్న భూతద్దం.

"మీరు... బతికే ఉన్నారా?" అన్నాడు సిల్వియో.

"ఆ తాపీ ఇంకో అంగుళం జరిగితే మీరుండరు."

"ఇది మా అమ్మ సమాధి. గీక్కుంటాను, సున్నం కొట్టుకుంటాను. మధ్యలో మీకేంటి నొప్పి?"

అమ్మ అనగానే ఆమె గొంతు తగ్గింది. "క్షమించండి. నాకు తెలీదు. కానీ ఆ పగుల్లో ఏముందో ఒక్కసారి చూడండి."

"ఏముంది, కలుపు."

"కలుపా!" ఆమె చెంపదెబ్బ తిన్నదానిలా చూసింది. "రండి, ఇటు వంగండి."

భూతద్దం తాడు పొట్టిది. దాన్ని మెడలోంచి తీసి ఇవ్వచ్చన్న ఆలోచన ఆమెకి రాలేదు. గుర్తుచెయ్యాలన్న ఆలోచన అతనికీ రాలేదు. తలకి తల తగిలేంత దగ్గరగా వంగి చూశాడు. రాతి పగుల్లో వేలెడంత ఫెర్న్ మొక్క. నాలుగైదు ఆకులు, ఒక్కో ఆకు కొస పిట్ట తోకలా రెండుగా చీలి ఉంది. ఆకు వెనక వరసగా లేతపచ్చ చుక్కలు.

"ఇది మన ద్వీపంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు," అంది ఆమె నెమ్మదిగా. "ద్వీపంలో కూడా ఇప్పుడు ఇంకెక్కడా లేదు. మీ అమ్మగారి దగ్గర తప్ప."

సిల్వియో తాపీ సంచిలో పెట్టేశాడు. ఎందుకు పెట్టాడో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేవాడు. అమ్మ ఆఖరి రోజుల్లో ఆవిడ మంచం దగ్గర కొడుకు తప్ప మనిషన్నవాడు లేడు. అలాంటి అమ్మని వెతుక్కుంటూ వచ్చింది ఈ మొక్క ఒక్కటే కదా అనిపించింది.

ఆమె పేరు నదేజ్. దేశవాళీ మొక్కల నర్సరీలో పని. ఏ ఫెర్న్ ఏ కొండమీద బతికుందో, ఏ వాగు పక్కన చచ్చిపోయిందో వెతికి మ్యాప్ మీద గుర్తుపెట్టడం ఆమె ఉద్యోగం. సిల్వియో తాపీ మేస్త్రి. బ్వా షెరీ తేయాకు తోటల పైనున్న ఆ పల్లెలో, సమాధుల పండక్కి ముందు నెలల్లో అతనికి చేతినిండా పని. పట్నం పోయి స్థిరపడ్డవాళ్ళు తమవాళ్ళ సమాధులు గీకించి, సున్నం వేయించుకునేది అతనితోనే. నాచు పట్టిన సమాధి అంటే కన్నపిల్లలు వదిలేసిన సమాధి అని మావాళ్ళ లెక్క.

నదేజ్ ప్రతి శనివారం రావడం మొదలుపెట్టింది. అక్కడ జూలై అంటే చలికాలం, నెలంతా ముసురే. ఆమె బోర్లా పడుకుని మొక్కని చూసేది. అతను ఎవరి సమాధి మీద పనిచేస్తున్నా వంకరగా కూర్చుని ఆమెని చూసేవాడు. వెనకటి మేస్త్రి ఎవరూ అంత వంకర సున్నం వేసి ఉండరు.

"దీని పేరేంటి?" అని అడిగాడు ఒకసారి.

ఆమె లాటిన్‌లో మూరెడు పేరు చెప్పింది.

"అమ్మో. అంత పేరు మొయ్యలేకే చచ్చిపోతున్నాయి పాపం."

"వేళాకోళమా? సంపెంగలా పూలు పూసి, పిట్టలకి పళ్ళు పెట్టి ఉంటే ఎవరో ఒకరు పట్టించుకునేవాళ్ళు. దీనికి పువ్వు లేదు, కాయ లేదు. చీనా జామ అడవంతా కమ్మేస్తుంటే దీని గోడు ఎవరికి?"

"నాకు," అన్నాడు సిల్వియో. తర్వాత తానే కంగారుపడి బకెట్లో బ్రష్ ముంచాడు. బ్రష్ బదులు చెయ్యి ముంచాడని ఆమె నవ్వేదాకా తెలియలేదు.

చర్చి ఫాదరు గారి కోళ్ళు సమాధుల మధ్య తిరుగుతూ పచ్చగా కనబడ్డదల్లా పొడిచేవి. ఆ మరుసటి వారం నదేజ్ ఇంట్లోంచి టీ వడకట్టే జల్లెడ తెచ్చి, మొక్క మీద బోర్లించి, తీగతో కట్టింది.

"మరి మీ ఇంట్లో టీ?"

"అమ్మ తిడుతోంది. ఆకులు నముల్తూ తాగుతున్నాం."

మరుసటి శనివారం అతను కాగితంలో కట్టిన కొత్త జల్లెడ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ప్రేమించిన పిల్లకి మొదటి కానుకగా టీ జల్లెడ ఇచ్చిన మొనగాడు మా ద్వీపం మొత్తం మీద అతనొక్కడే. ఆమె దాన్ని విప్పి చూసి, మళ్ళీ కాగితంలో చుట్టి సంచిలో దాచుకుంది. అంతవరకూ "మీరు" అన్న మనిషి, ఆ పూటనుంచి "నువ్వు" అంది.

ఒకరోజు నర్సరీకి తీసుకెళ్ళి గోడమీద మ్యాప్ చూపించింది. బతికున్న మొక్కకి పచ్చ గుండుసూది గుచ్చుతుంది. చచ్చిపోతే సూది తీసేస్తుంది, చిల్లు మిగులుతుంది. చీలిన తోక ఫెర్న్ పక్కన చిల్లులే ఎక్కువ. సూది ఒక్కటే, పల్లె సమాధుల తోట దగ్గర.

"పీకి ఇక్కడ కుండీలో పెట్టచ్చుగా?"

"ఇంతకుముందు అలా తెచ్చినవి బతకలేదు. రాయి వదిల్తే చస్తుంది అది. ఆకు వెనక చుక్కలున్నాయే, అవి వేసవి వానలు పడ్డాక, డిసెంబర్లో ముదురుతాయి. అప్పుడు కాగితం మీద దులిపితే పొడి రాల్తుంది. ఆ పొడి చాలు, వందలు పెంచేస్తాను. అప్పటిదాకా ఆ సమాధి జోలికి ఎవరూ పోకూడదు."

"పండగ నవంబర్లో," అన్నాడు సిల్వియో.

 పండగనాడు ఊరు ఊరంతా పూలు పట్టుకుని అక్కడికే వస్తుంది. నాచు పట్టిన ఆ సమాధి ముందునుంచే నడిచి పోతుంది.

"గీకను," అన్నాడు చివరికి. "మాటిస్తున్నా."

ఆమె అతని సున్నపు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. బయట వాన మొదలైంది. తెరిపిచ్చాక వెళ్దామనుకున్నారు. తెరిపిచ్చాక కూడా ఎవరూ లేవలేదు.

అక్టోబర్ చివర్లో జసింత్ పిన్ని వాకిట్లోనే పట్టుకుంది. సిల్వియో తల్లికి చెల్లెలు ఆవిడ, నోరు పెద్దది, మనసు మంచిది.

"ఊళ్ళోవాళ్ళ సమాధులన్నీ తెల్లగా మెరిపిస్తావురా, కన్నతల్లిది మాత్రం పాచి పట్టనిస్తావా? బతికుండగా మొగుడు వదిలేశాడు, పోయాక కొడుకు వదిలేశాడు, ఇదీ మా అక్క రాత!"

"వదల్లేదు పిన్నీ. డిసెంబర్లో చేస్తా."

"డిసెంబర్లో ఎవరొస్తార్రా చూడ్డానికి? ఆ మొక్కల పిల్ల ఏం మందు పెట్టిందిరా నీకు?"

సిల్వియో తల వంచుకుని పోయాడు. నాన్న మాట ఎవరెత్తినా అక్కడ నిలవలేడు. తండ్రి ఫెలిక్స్, అమ్మ మంచాన పడ్డ ఏడాదే సముద్రం ఒడ్డున పడవ పనికని వెళ్ళాడు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. పూడ్చిన రోజు కూడా రాలేదు. ఆ తర్వాత ఏ పండక్కీ రాలేదు.

పండగనాడు పొద్దున్నే సిల్వియో ఎర్రటి ఆంథూరియం పూలు పట్టుకుని కొండెక్కాడు. గేటు దాటగానే కాళ్ళు ఆగిపోయాయి.

అమ్మ సమాధి అద్దంలా మెరుస్తోంది.

నాచు లేదు. పగుల్లేదు, కొత్త సిమెంటు పెట్టి పూడ్చి ఉంది. తోటంతా బ్లీచింగ్ వాసన. సమాధి పక్కన బకెట్, ఇనప బ్రష్. వాటి పక్కన మోకాళ్ళ మీద ఒక ముసలాయన, ఉప్పుగాలికి మాడిన ముఖం, మోచేతుల దాకా తెల్లసున్నం.

"వచ్చావా సిల్వియో," అన్నాడు ఫెలిక్స్ లేవబోయి, లేవలేక, సమాధి పట్టుకుని. "రాత్రి బస్సుకే వచ్చేశాను. చూస్తే నాచు... నువ్వు పనుల్లో పడి తీరిక లేకుండా ఉన్నావనుకున్నా. నీళ్ళు కింద కుళాయి నుంచి నేనే మోశాను. నీ అంత పనివాణ్ణి కాదులే. ఎలా ఉంది?"

సిల్వియో కింద చూశాడు. గీకిన పాచి ముద్ద చెత్తబుట్టలో, బ్లీచింగ్ నీళ్ళలో నానుతోంది.

"ఇదిగో, ఇది మీ అమ్మది కాబోలు. టీ అంటే ప్రాణం కదా దానికి. పారెయ్యబుద్ధి కాలేదు." ఫెలిక్స్ టీ జల్లెడని తోమి తళతళలాడించి, శిలువ పాదాల దగ్గర పెట్టాడు, ఏదో పూజ్యమైన వస్తువులా.

కొడుకు ముఖం చూసి ఆయన ముఖంలో రంగు తగ్గింది. "చెయ్యకూడని పని చేశానా?"

అరవాలని ఉంది సిల్వియోకి. ఇన్నేళ్ళదీ కలిపి అరవాలని ఉంది. కానీ ఆ ముసలి చేతులు చల్లటి నీళ్ళకి, మందుకి పగిలి, వేళ్ళ సందుల్లో నెత్తురు ఊరుతోంది.

"లేదు నాన్నా," అన్నాడు. ఆ పిలుపు నోటికొచ్చి ఎన్నాళ్ళయిందో. "బాగా చేశావు."

ఫెలిక్స్ అక్కడే కూలబడి ఏడ్చేశాడు. పండక్కి వస్తున్న జనం దూరంగా జరిగి నడిచారు.

నదేజ్ మధ్యాహ్నం వచ్చింది. తెల్లగౌను, చేతిలో సిల్వియో అమ్మ కోసం పూలు. సమాధిని చూసింది. పూలు కింద పెట్టింది. తర్వాత చెత్తబుట్ట దగ్గర కూర్చుని, చేత్తో ఆ ముద్దంతా కెలికింది. ఉడికిన ఆకుకూరలా అయిన చీలిన తోక ఒకటి దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"ఎవరు?" అంది.

ఫెలిక్స్ గేటు దగ్గర జసింత్ పిన్ని తిట్లు వింటూ నించుని ఉన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన తిట్లకి తలొంచి నించున్నాడు. ఈ మాట కూడా తెలిస్తే మళ్ళీ ఈ కొండెక్కడు.

"నేనే," అన్నాడు సిల్వియో. "పిన్ని పోరు పడలేక. నలుగురూ ఏమనుకుంటారో అని..."

"నువ్వు మాటిచ్చావు."

"ఇచ్చాను."

"నువ్వేనా?"

"నేనే."

ఆమె అరిచి ఉంటే బాగుండేది. మొదటిరోజు కలుపన్నందుకే అంత అరిచిన పిల్ల. "నాకు కోపం కూడా రావట్లేదు సిల్వియో," అంది. "వెయ్యేళ్ళో, లక్షేళ్ళో... అంతకాలం బతికింది ఇది. ఇంకొక్క నెల ఆగలేకపోయావు."

ఆ ఆకు ముక్కని రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది. వాన కూడా రాలేదు ఆరోజు. ఎండలో సమాధులన్నీ తెల్లగా వెలుగుతుంటే సిల్వియో కళ్ళు తెరిచి చూడలేకపోయాడు.

తర్వాతి శనివారాలు ఖాళీగా గడిచాయి. సిల్వియో మాత్రం పని ముగించుకుని రోజూ కొండెక్కేవాడు. కొత్త సిమెంటు పెచ్చు తీసేశాడు. పగుల్లోకి వాననీళ్ళు పోసేవాడు. ఎందుకని ఫాదరు గారు అడిగితే, తెలీదు ఫాదర్ అనేవాడు.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా, జోరువానలో గేటు తెరుచుకుంది.

"అబద్ధాలకోరు!" అంటూ వచ్చింది నదేజ్. గొడుగు గాలికి తిరగబడి గిన్నెలా అయిపోయింది. "మీ నాన్న నర్సరీకొచ్చారు. మీ పిన్ని ఆయనకి మొక్క సంగతి చెప్పిందట. టోపీ చేత్తో పట్టుకుని, నా ముందు నించుని, నేనే చంపానమ్మా, మా వాడు కాదు అన్నారు. ఎందుకు చెప్పలేదు నాకు?"

"ఏమని చెప్పను? అన్నేళ్ళకి వచ్చాడు. వచ్చినవాణ్ణి, నువ్వు దీన్ని కూడా చంపావని ఎలా అనను?"

"మరి నేను? నన్ను పోనిచ్చావు కదా?"

"నువ్వు పోతే నేనొక్కణ్ణే ఏడుస్తాననుకున్నా."

ఆమె ముఖం తిప్పుకుంది. బుగ్గలమీద ఏది వానో ఏది కన్నీరో తెలియలేదు. తిప్పుకున్న ముఖం అలాగే నిలిచిపోయింది. గబుక్కున మోకాళ్ళ మీద కూలబడి భూతద్దం తీసింది.

పగులు పక్కన తడిరాయి మీద పచ్చటి పొరలు. చిన్న గోరు కొసంత ఉంటాయి, ఒక్కోటీ గుండె ఆకారంలో.

"ఫెర్న్ పసిపిల్లలు," అంది నదేజ్. "కానీ ఏ ఫెర్నో ఇప్పుడే చెప్పలేం. అన్ని ఫెర్న్‌లూ పుట్టినప్పుడు ఇలాగే ఉంటాయి. ఆకు రావాలి, ఆకు పెరగాలి."

"కొస చీలితే మనదే."

"చీలకపోతే మురిక్కాలవ గోడల మీద మొలిచే మామూలుది."

మళ్ళీ శనివారాలు మొదలయ్యాయి. టీ జల్లెడ మళ్ళీ పగులెక్కింది. తుఫాను వచ్చిన వారం ఇద్దరూ టార్పాలిన్ పట్టుకుని చెరో వైపు కూర్చున్నారు. గాతో అనే మిరపకాయ పప్పువడలు తింటూ, చివరిది నువ్వు తిను అంటే నువ్వే తిను అని కొట్టుకుంటూ, దాన్ని కాస్తా ఫాదరు గారి కోడికి అప్పజెప్పారు. మొదటి ఆకు పిన్నీసు తలంత వచ్చింది. తర్వాతది ఇంకాస్త పెద్దది. "లేతగా ఉంది, ఇప్పుడేం తెలీదు," అనేది నదేజ్. "ఔనౌను, ఏం తెలీదు," అనేవాడు సిల్వియో.

మళ్ళీ పండగ దగ్గరికొచ్చింది. ఫెలిక్స్ ఈసారి చెప్పి వచ్చాడు. బకెట్టూ సున్నమూ పట్టుకుని సమాధికి బారెడు దూరంలో ఆగిపోయాడు, గుడి బయట చెప్పులు విప్పినవాడిలా.

"ఏం చెయ్యమంటావురా? నువ్వు చెప్పేదాకా ముట్టను."

సిల్వియో నదేజ్ వైపు చూశాడు. ఇక దాచడానికి లేదు.

"నదేజ్, నీకో మాట చెప్పాలి," అన్నాడు. "ఇది మనది కాదు. కొస చీలదు. కాలవ గోడ మీది ఆకుతో పోల్చి చూశాను. మామూలుదే. నాకు జూన్ నుంచీ తెలుసు."

ఆమె వంగి ఆ ఆకు కొసని వేలితో ముట్టుకుంది.

"చెప్తే నువ్విక రావు," అన్నాడు. "వచ్చే పనేముంది నీకిక్కడ? అందుకే చెప్పలేదు. నా అంత స్వార్థపరుడు లేడు, తిట్టు."

"నాకు ఏప్రిల్ నుంచీ తెలుసు," అంది నదేజ్.

"ఆఁ?"

"చదువుకున్నదాన్ని సిల్వియో, నీకంటే ముందు తెలీదా? నేను చెప్తే నువ్వు ఇంక ఈ రాయికి నీళ్ళు పొయ్యడానికి రావేమోననుకున్నా. నువ్వు రాకపోతే..." భూతద్దం తాడు వేలికి చుట్టుకుంది. "నాకు శనివారం ఎక్కడికి పోవాలో తెలీదు."

నవ్వు రావాల్సిన చోటు అది. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆ మొక్క నిజంగానే పోయిందని, ఇక ఏ కొండమీదా ఏ పగుల్లోనూ లేదని, వాళ్ళు పైకి అనుకున్నది అప్పుడే. ఇన్నాళ్ళూ ఒకరికోసం ఒకరు దాచింది ఆ చావుకబురే. నదేజ్ సమాధి అంచుమీద కూర్చుని, నెలల తరబడి ఆపుకున్నదంతా ఏడ్చింది. సిల్వియో పక్కన కూర్చుని ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు.  

"మ్యాప్ మీద సూది ఇంకా తియ్యలేదు," అంది ఆమె. "నాకు చెయ్యి రావట్లేదు. నువ్వు తీస్తావా?"

"ఇద్దరం తీద్దాం."

ఫెలిక్స్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మరి ఇది... ఉంచనా, గీకనా?"

నదేజ్ ముఖం తుడుచుకుని లేచింది. ఆకు చూడ్డానికని తీసి శిలువ దగ్గర పెట్టిన టీ జల్లెడని మళ్ళీ ఆ మామూలు మొక్క మీద జాగ్రత్తగా బోర్లించింది.

"ఉంచండి బాబాయ్. చుట్టూ వెయ్యండి సున్నం."

"దీనికెందుకే జల్లెడ?" అన్నాడు సిల్వియో. "ఎక్కడ చూసినా ఇదేగా."

"మనదీ ఒకప్పుడు ఎక్కడ చూసినా ఉండేది. మా అమ్మమ్మ వాళ్ళు ఆవుల కింద పరిచేవాళ్ళట."

ఫెలిక్స్ సన్న బ్రష్ తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, మొక్క చుట్టూ తెల్లగీత గీయడం మొదలుపెట్టాడు. కింద చర్చి గంట మోగింది. ఊరివాళ్ళు పూలతో కొండెక్కుతున్నారు. అందరికంటే ముందు జసింత్ పిన్ని.

"వాళ్ళు చూస్తారు," అన్నాడు సిల్వియో, ఆమె చెయ్యి పట్టుకుని.

"చూడనీ," అంది నదేజ్.